మైకు మూసినా ఫోను వింటుంది

ఆండ్రాయిడ్ ఫోన్లలో 12వ వెర్షన్ నుంచి, అంటే 2021 నుంచి, ఒక చిన్న నిబంధన అమల్లో ఉంది. ఫోనుదారు మైకు మీటను పూర్తిగా ఆపేస్తే, వెంటనే జైరోస్కోప్, యాక్సిలరోమీటర్ల వేగానికి కూడా కళ్లెం పడుతుంది. ఎక్కువ వేగం కావాలని ముందే రాసిపెట్టుకున్న యాప్‌కు సైతం ఇందులో మినహాయింపు లేదు.

మైకుకూ జైరోస్కోప్‌కూ ఏమిటి సంబంధం? ఒకటి మాట వినేది, రెండోది ఫోను ఎటు తిరిగిందో చెప్పేది. అయినా ఆ నిబంధన రాసినవాళ్లు రెండింటినీ ఒకే తాడుకు కట్టారు. జైరోస్కోప్ కూడా కొంత వింటుందని వాళ్లకు అప్పటికే తెలుసు. దేశ భద్రత గురించి మాట్లాడుకునేటప్పుడు మనం యాప్‌ల పేర్లు, వాటిని తయారుచేసిన దేశాల పేర్లు బోలెడు చెప్పుకుంటాం. ఫోను లోపల ఏ సెన్సర్‌ను ఎవరు, ఎప్పుడు, ఎంత వేగంగా చదవచ్చో నిర్ణయించే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి, పొట్టిగా ఓఎస్ గురించి, చెప్పుకునేది చాలా తక్కువ. నా ఉద్దేశంలో కాపలా ఉండాల్సింది అక్కడే.

సెన్సర్ నుంచి కొలత చదివి పైనున్న సాఫ్ట్‌వేర్‌కు అందించే డ్రైవర్ ప్రోగ్రాములు రాయడం చాలా ఏళ్లపాటు నా వృత్తి. ఆ పనిలో సెన్సర్ అంటే ఒక అంకె. ఉష్ణోగ్రత 31, పీడనం 954, వెలుతురు 120. అంకె సరిగా వచ్చిందా, సమయానికి వచ్చిందా, బ్యాటరీ ఎంత తిన్నది, ఇవే అక్కడి ప్రశ్నలు. ఆ అంకె పట్టుకుని ఒక మనిషి గురించి ఏమేం తెలుసుకోవచ్చన్న ప్రశ్న పరిశ్రమలో చాలా ఆలస్యంగా మొదలైంది.

కంపనంలో దాగిన మాట

2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఇజ్రాయెల్‌కు చెందిన రఫాయెల్ సంస్థ పరిశోధకులు కలిసి ‘జైరోఫోన్’ పేరుతో ఒక అధ్యయనం ప్రచురించారు. రఫాయెల్ అంటే ఐరన్ డోమ్ రూపొందించిన రక్షణ సంస్థ. ఈ విషయం మీద ఆసక్తి ఎవరికి ఉంటుందో ఆ పేరే చెబుతుంది.

ఫోనులోని జైరోస్కోప్ లోపల సిలికాన్‌తో చెక్కిన అతి సూక్ష్మమైన ముక్క ఎప్పుడూ కంపిస్తూ ఉంటుంది. ఫోను తిరిగితే ఆ కంపనం తీరు మారుతుంది. దగ్గరలో వచ్చే శబ్దం కూడా దాన్ని కాస్త కదిలిస్తుంది. అప్పటి ఆండ్రాయిడ్ ఈ సెన్సర్‌ను సెకనుకు 200 సార్లు చదవనిచ్చేది. మగవారి గొంతు మూల కంపనం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్, ఆడవారిది సుమారు 165 నుంచి 255 హెర్ట్జ్. ఆ ఆనవాళ్లు జైరోస్కోప్ కొలతల్లో దొరికాయి. పక్కనున్న స్పీకరు పలికిన అంకెలు ఏవో, గొంతు ఆడదో మగదో, గుడ్డిగా ఊహించే దానికన్నా ఎంతో మెరుగ్గా పరిశోధకులు పోల్చగలిగారు. ఇందుకు ఫోనుదారును ఏ అనుమతీ అడగాల్సిన పని లేకపోయింది.

ఇందులో అతిశయోక్తికి పోనక్కర్లేదు. మనిషి నేరుగా మాట్లాడే మాట గాలిలో వచ్చి ఈ సెన్సర్లను పెద్దగా కదిలించదని, ఫోనూ స్పీకరూ ఒకే బల్లమీద ఉన్నప్పుడే అసలు ముప్పు అని 2018లో మరో అధ్యయనం తేల్చింది. 2020లో ఇంకో బృందం ఫోను సొంత స్పీకరు మీదే దృష్టి పెట్టింది. ఆ స్పీకరులోంచి వచ్చే అవతలి వ్యక్తి మాట అదే ఫోనులోని యాక్సిలరోమీటర్‌లో పడుతుందని చూపింది. ఫోనును బల్లమీద పెట్టి, స్పీకరు ఆన్ చేసి, నలుగురితో కలిసి కాల్ మాట్లాడే అధికారి లేని కార్యాలయం ఏదైనా ఉందా?

ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లకు మామూలు పరిమితి సెకనుకు 200 కొలతలు. అంతకు మించి కావాలంటే యాప్ తన పత్రంలో ఒక అనుమతి పేరు రాసుకుంటే చాలు, ఫోనుదారు తెరమీద ఏ ప్రశ్నా రాదు. పైగా 200 అనేది కూడా పూర్తిగా మూసిన తలుపు కాదు. సెకనుకు 200 సార్లు కొలిస్తే 100 హెర్ట్జ్ వరకే సూటిగా తెలుస్తుందన్నది పాఠ్యపుస్తకం లెక్క. అంతకు పైనున్న కంపనాలు మాయమైపోవు, మడతపడి కిందికి వచ్చి కనిపిస్తాయి. జైరోఫోన్ పరిశోధకులు ఆ మడతల్లోనే వెతికారు.

నిరపాయం అన్నది ఎవరు?

ఓఎస్ దృష్టిలో సెన్సర్లు రెండు వర్గాలు. కెమెరా, మైకు, లొకేషన్ అడిగి తీసుకోవాల్సినవి. గుండె వేగం, ఆండ్రాయిడ్ 10 నుంచి అడుగుల లెక్క కూడా ఆ జాబితాలో చేరాయి. మిగిలినవన్నీ, అంటే యాక్సిలరోమీటర్, జైరోస్కోప్, దిక్సూచి, బారోమీటర్, వెలుతురు సెన్సర్ అడగకుండానే అందేవి. ఈ విభజన టచ్ ఫోన్ల తొలినాళ్లది. ఫోను అడ్డంగా తిప్పితే తెర తిరగాలి, చెవికి ఆనిస్తే తెర ఆరిపోవాలి, ఎండలోకి వెళ్తే కాంతి పెరగాలి. ఇంతమాత్రానికి అనుమతి ఎవరడుగుతారని అనుకున్నారు. సెన్సర్ పేరు చూసి వర్గం ఇచ్చారు, అది ఏం బయటపెట్టగలదో చూసి కాదు.

ఆ లెక్క ఎంత త్వరగా తప్పిందో చూడండి. 2011లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు, అంకెల కీబోర్డు మీద వేలు తాకినప్పుడు ఫోను కదిలే తీరును బట్టి 70 శాతానికి పైగా మీటలను సరిగ్గా పోల్చారు. 2015లో జైరోఫోన్ బృందానికి చెందినవారే, బ్యాటరీ ఖర్చు ఎలా హెచ్చుతగ్గులవుతోందో చూసి ఫోను ఏ దారిలో వెళ్లిందో ఊహించవచ్చని చూపారు. టవర్‌కు దూరమైన కొద్దీ ఫోను ఎక్కువ విద్యుత్ వాడుతుంది, కిటుకు అంతే. 2024 జనవరిలో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు వెలుతురు సెన్సర్ ఒక్కదానితో, తెర ముందున్న చేతి కదలికల మసక బొమ్మను రాబట్టారు. ఆ పద్ధతి చాలా నెమ్మది, రేపే మన ఫోనుకు ప్రమాదమని చెప్పడం లేదు. కానీ కెమెరాకు టేపు అంటించుకున్నవాడు దాని పక్కనున్న వెలుతురు సెన్సర్‌కు అంటించడు కదా.

కంప్యూటర్లకూ ఇదే వర్తిస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో తన విద్యుత్ ఖర్చును తానే కొలిచే మీటరు ఉంటుంది. ఇంజినీర్ల సౌకర్యం కోసం పెట్టింది. లినక్స్‌లో దాన్ని మామూలు వాడకందారు ప్రోగ్రాము కూడా చదవగలిగేది. 2020 నవంబరులో ‘ప్లాటిపస్’ పేరుతో బయటపడిన దాడి, ఆ మీటరు అంకెల నుంచే రహస్య సంకేత తాళాలను రాబట్టవచ్చని నిరూపించింది. అప్పుడు గానీ లినక్స్ ఆ అంకెలను అడ్మినిస్ట్రేటర్‌కే పరిమితం చేయలేదు. లినక్స్‌లో కెమెరాది ఒక దారి, మైకుది ఒక దారి, ఉష్ణోగ్రతా వోల్టేజీలది ఒకటి, యాక్సిలరోమీటర్ లాంటివాటిది మరొకటి. వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు రాసినవి. కొలత అనేది ఎటునుంచి వచ్చినా ఒకే నియమం వర్తించాలన్న ఆలోచన అందులో మొదటి నుంచీ లేదు.

కొండమీది పోస్టులో

పౌరుడికి ఇది గోప్యత సమస్య. సైనికుడికి ప్రాణాల సమస్య. 2018 జనవరిలో, వ్యాయామ యాప్ స్ట్రావా తన వినియోగదారుల పరుగు దారులన్నీ కలిపి విడుదల చేసిన ప్రపంచ పటంలో అఫ్గానిస్థాన్, సిరియాల్లోని సైనిక స్థావరాల రూపురేఖలు వెలిగిపోతూ కనిపించాయి. పట్టుకున్నది గూఢచారి కాదు, ఆస్ట్రేలియాకు చెందిన 20 ఏళ్ల విద్యార్థి. అదే ఏడాది ఆగస్టులో పెంటగాన్ మోహరింపు ప్రాంతాల్లో లొకేషన్ సౌకర్యాల వాడకాన్ని నిషేధించింది. మన సైన్యం 2020 జులైలో 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమని సిబ్బందిని ఆదేశించింది. గల్వాన్ తరువాతి రోజులవి, ఆ ఆదేశం అవసరమే. కానీ జాబితాలో 90వ యాప్ ఎప్పుడూ ఉంటుంది. పేరు మార్చుకుని వస్తుంది, ఆటగానో, టార్చిలైటుగానో, పంచాంగంగానో. వాటన్నిటికీ ద్వారం ఒకటే, అది ఓఎస్ చేతిలో ఉంది.

పైగా నిషేధాలన్నీ లొకేషన్ చుట్టూ తిరుగుతాయి. లొకేషన్ ఆపి, ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే చాలనుకుంటాం. ఆ మోడ్ ఆపేది రేడియోలను, సెన్సర్లను కాదు. బారోమీటర్ సంగతే తీసుకుందాం. సముద్రమట్టం దగ్గర సుమారు 8 మీటర్లు ఎక్కితే గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గుతుంది. 5,000 మీటర్ల ఎత్తులో గాలి పలచన కాబట్టి అదే ఒక మిల్లీబార్‌కు సుమారు 14 మీటర్లు ఎక్కాలి. ఫోనులోని బారోమీటర్ నాలుగు మెట్లు ఎక్కినా గుర్తించేంత సున్నితం. లేహ్ ఉన్నది సుమారు 3,500 మీటర్ల ఎత్తున, ఖార్దుంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైన. ఒక ట్రక్కు అక్కడి నుంచి ఇక్కడికి ఎక్కేటప్పుడు పీడనం తగ్గిన తీరు, యాక్సిలరోమీటర్ చెప్పే మలుపుల కుదుపులు, దిక్సూచి చూపే దిశ ఈ మూడూ కలిపి రాసిపెట్టుకుంటే, ఎత్తుల పటం దగ్గరున్నవాడికి అది ఏ దారో పోల్చుకోవడం కష్టం కాదు. కొండ దారులకు ఒక్కోదానికి ఒక్కో ముద్ర ఉంటుంది. సెలవు మీద జవాను ఇంటికొచ్చి వైఫై కలిపిన రోజున, నెల కిందటి అంకెలన్నీ ఒక్కసారిగా బయటికి పోవచ్చు. జీపీఎస్‌ను ఒక్క క్షణం కూడా వాడకుండానే.

ఇంత అవకాశం ఉండటానికి ఒక అడ్డు ఇప్పటికే పడింది, చెప్పకపోతే అన్యాయం. 2018 నాటి ఆండ్రాయిడ్ 9 నుంచి, తెరవెనుక నిద్రపోతున్న యాప్‌కు ఈ సెన్సర్ల కొలతలు నిరంతరంగా అందవు. అయితే తెరమీద ఒక నోటిఫికేషన్ నిలిపి పాటలో, అడుగుల లెక్కో నడుపుతున్నట్టు కనిపించే యాప్‌కు అందుతాయి.

అంకె కాదు, జవాబు

ఓఎస్ ఏం చేయాలి? అన్ని సెన్సర్లకూ అనుమతి పెట్టెలు పెట్టేయమనడం తేలికైన సలహా, నాకు దానిమీద నమ్మకం లేదు. యాప్ పెట్టుకునేటప్పుడు పది ప్రశ్నలు వస్తే జనం పదింటికీ ‘సరే’ నొక్కుతారు. రైల్వే స్టేషన్లో మెటల్ డిటెక్టర్ కూతను ఎవరూ పట్టించుకోనట్టే.

నాకు సరైనదనిపించే పద్ధతి వేరు. యాప్‌కు ముడి అంకెలు కాకుండా, అది అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వాలి. తెర తిప్పాలా అన్నది ప్రశ్న అయితే ‘అడ్డం’, ‘నిలువు’ అన్న రెండు జవాబులు చాలు, సెకనుకు 200 అంకెలు దేనికి? ఎన్ని అడుగులు నడిచావంటే ఒక మొత్తం చాలు. కొలత ఓఎస్ తనలోనే ఉంచుకోవాలి, ఫలితం మాత్రం బయటికి పోవాలి. ఇది ఊహ కాదు. ఫోన్ల యాక్సిలరోమీటర్లనే భూకంప మాపకాలుగా వాడే ఆండ్రాయిడ్ హెచ్చరిక వ్యవస్థను 2023 సెప్టెంబరులో మన దేశంలో, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థతోనూ జాతీయ భూకంప కేంద్రంతోనూ సంప్రదించి ప్రారంభించారు. కదలకుండా ఉన్న ఫోను నేల వణుకును గుర్తించి, స్థూలమైన ప్రాంతంతో పాటు ఒక సంకేతం పంపుతుంది. ప్రజల ప్రాణాలు కాపాడే ఈ పనికి ఏ బయటి యాప్‌కూ ముడి అంకెలు ఇవ్వాల్సిన అవసరం రాలేదు. యాక్సిలరోమీటర్‌ను శత్రువుగా చూడకుండానే అదుపులో పెట్టవచ్చని చెప్పడానికి దీనికన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ముడి అంకెలు నిజంగా కావాల్సిన ఆటలు, వైద్య యాప్‌లు కొన్ని ఉంటాయి. వాటికి మాత్రం ప్రశ్న అడగాలి, అదీ సెన్సర్ పేరుతో కాదు. ‘జైరోస్కోప్ వాడనివ్వాలా’ అంటే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. ‘ఈ యాప్ ఫోను ప్రతి కదలికనూ గమనించవచ్చా’ అంటే అందరికీ అర్థమవుతుంది. భద్రతకు ప్రాధాన్యమిచ్చే గ్రాఫీన్ ఓఎస్‌లో ఇలాంటి సెన్సర్లన్నిటికీ కలిపి ఒకే అనుమతి ఉంది. కాదంటే యాప్‌ను మొరాయించనివ్వకుండా దానికి సున్నాలు అందిస్తారు. ఈ తెలివి నాకు నచ్చింది. ‘వద్దు’ అంటే పని ఆగిపోయే యాప్‌కు జనం చివరికి ‘సరే’ అనేస్తారు. సున్నాలు తీసుకుని నడిచే యాప్‌తో ఆ బెడద ఉండదు.

ఇక మీట సంగతి. ఆండ్రాయిడ్ 10 నుంచి అన్ని సెన్సర్లనూ ఒక్కసారి ఆపే ‘సెన్సర్స్ ఆఫ్’ మీట ఉంది. కానీ అది ప్రోగ్రామర్ల కోసం ఉద్దేశించిన డెవలపర్ ఐచ్ఛికాల అడుగున ఉంది. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టితే గానీ ఆ తలుపు తెరుచుకోదు. సైనిక విభాగంలోకి అడుగుపెట్టే జవానుకు కావాల్సిన మొట్టమొదటి మీట అది. నా వరకు దాన్ని టార్చి మీట పక్కకే తేవాలి.

సెన్సర్ అబద్ధమాడితే

ఇంతవరకు సెన్సర్ ఏం బయటపెడుతుందన్నది చూశాం. రక్షణ రంగంలో ఇంకో వైపు ఉంది. శత్రువు సెన్సర్‌నే మోసం చేస్తే, ఓఎస్ ఆ అబద్ధాన్ని నమ్మి పైకి పంపుతుంది. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు, ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ సరిహద్దు ప్రాంతాల్లో, విమానాల జీపీఎస్‌కు ఆటంకం కలిగిన ఘటనలు 465 నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2015లో దక్షిణ కొరియాలోని కైస్ట్ పరిశోధకులు తగిన శబ్దం వినిపించి డ్రోన్ల జైరోస్కోప్‌లను తికమకపెట్టి కూల్చారు. 2017లో అమెరికా పరిశోధకులు అదే తరహాలో శబ్దంతో యాక్సిలరోమీటర్లకు తమకు నచ్చిన అంకెలు చెప్పించారు.

ఒకే సెన్సర్‌ను నమ్మితే ఏమవుతుందో బోయింగ్ 737 మ్యాక్స్ చూపింది. ముక్కు ఎంత పైకి లేచిందో చెప్పే సెన్సర్లు విమానానికి రెండు ఉన్నా, ముక్కును కిందికి నొక్కే సాఫ్ట్‌వేర్ ఒకసారికి ఒక్కదాని మాటే వినేది. 2018 అక్టోబరు, 2019 మార్చి నెలల్లో రెండు విమానాలు కూలి 346 మంది చనిపోయారు.

కాబట్టి ఓఎస్ కొలతను అందించేటప్పుడు దానితో పాటు మూడు సంగతులు చెప్పాలి: ఎప్పుడు కొలిచింది, ఏ సెన్సర్ కొలిచింది, మిగతా సెన్సర్లు దాన్ని బలపరుస్తున్నాయా. జీపీఎస్ 40 కిలోమీటర్లు పక్కకు జరిగామంటుంటే యాక్సిలరోమీటర్ కదలనే లేదంటోంది, బారోమీటర్ ఎత్తు మారలేదంటోంది. అప్పుడు ఏది నిజమో తేల్చలేకపోయినా, ‘ఈ లొకేషన్ మీద అనుమానం ఉంది’ అని యాప్‌కు చెప్పడం కష్టమైన పని కాదు. క్షిపణుల్లో ఈ జాగ్రత్త ఎప్పటి నుంచో ఉంది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో నావిగేషన్ మీద పనిచేసేవారికి, జడత్వ సెన్సర్లనూ ఉపగ్రహ సంకేతాలనూ ఒకదానితో ఒకటి సరిచూడటం రోజువారీ పని. జవాను చేతిలోని ఫోనుకూ, ట్యాబ్‌కూ, చిన్న డ్రోన్‌కూ అది ఇంకా మామూలు కాలేదు.

ఓఎస్ కింద ఇంకొకరు

స్వదేశీ ఓఎస్ వస్తే ఇవన్నీ తీరిపోతాయనే ఆశ మనలో ఉంది. ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన సంస్థ ఆండ్రాయిడ్ మూల ప్రోగ్రాము ఆధారంగా రూపొందించిన భారోస్‌ను 2023 జనవరిలో ప్రదర్శించారు. ముందుగానే పెట్టిన యాప్‌లు లేకపోవడం దాని ప్రత్యేకత. రక్షణ శాఖ కంప్యూటర్ల కోసం ఉబుంటు ఆధారంగా ‘మాయా’ సిద్ధమైందని అదే ఏడాది వార్తలొచ్చాయి. రెండూ మంచి అడుగులే. అయితే సెన్సర్ల విషయంలో ఓఎస్ కింద మరో యజమాని ఉన్నాడు. బ్యాటరీ ఆదా కోసం ఇప్పటి ఫోన్లలో సెన్సర్లను నేరుగా చదివేది ముఖ్య ప్రాసెసర్ కాదు, సెన్సర్ హబ్ అనే చిన్న ప్రాసెసర్. ఫోను నిద్రపోయినా అది మేల్కొనే ఉంటుంది. దానిలోని ప్రోగ్రాము చిప్ తయారీదారుది, మూలం మనకు కనిపించదు. హబ్ ఏం కొలిచిందో అది చెప్పినంతే ఓఎస్‌కు తెలుస్తుంది. పైన ఓఎస్ పేరు మారినా కింద హబ్ మారదు.

అందుకే విద్యుత్తునే తెంచేసే మీటలు కావాలంటాను. ప్యూరిజమ్ సంస్థ లిబ్రెమ్ 5 ఫోనులో పక్కనే మూడు మీటలు ఉంటాయి: వైఫైకి ఒకటి, మొబైల్ నెట్‌వర్క్‌కు ఒకటి, కెమెరా మైకులకు ఒకటి. మూడింటినీ ఒకేసారి ఆపితే జీపీఎస్, కదలిక, వెలుతురు సెన్సర్లు కూడా ఆగిపోతాయి. ఆ ఫోను లావు, ధర ఎక్కువ, బజారులో నెగ్గుకొచ్చే సరుకు కాదు. సైన్యం కొనేది బజారు కోసం కాదు కదా.

సీసీ కెమెరాల విషయంలో కేంద్రం ఇప్పటికే ఒక దారి వేసింది. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కెమెరాలు హార్డ్‌వేర్‌తో పాటు లోపలి సాఫ్ట్‌వేర్ పరీక్షలూ నెగ్గాలి. సైనిక విభాగాలు కొనే ఫోన్లు, ట్యాబ్‌లు, డ్రోన్ల టెండర్లలోనూ అలాంటి షరతులు రెండు చేరాలి. సెన్సర్ హబ్ ప్రోగ్రాము మూలాన్ని పరీక్షకు అప్పగించాలన్నది ఒకటి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టిన పరికరాన్ని ప్రయోగశాలలో ఒక రోజంతా ఉంచి, ఏ సెన్సర్ ఎన్నిసార్లు మేల్కొన్నదో విద్యుత్ తీగ దగ్గరే కొలిచి చూడాలన్నది రెండోది. రెండో పరీక్షకు తయారీదారు సహకారం కూడా అక్కర్లేదు, ఒక మంచి ఆసిలోస్కోప్, ఓపికున్న ఇద్దరు ఇంజినీర్లు ఉంటే మొదలుపెట్టవచ్చు.